సొంత చక్రాల మీద

3, సోమవారం

నా రాత బాగోదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో సగంసార్లు తెలీదు. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది, తప్పులు దొర్లితే మన్నించాలి. ఎవరు మన్నించాలో కూడా తెలీదు. ఇది చదివేవాళ్ళు ఎవరూ లేరు, ఉండకూడదు. షాపు బీరువాలో పోయినేడాది డైరీ ఒకటి ఖాళీగా పడి ఉంటే తెచ్చుకున్నాను. వంటింట్లో పై అరమీద డబ్బాల వెనక పెడతాను. అత్తయ్యకి చెయ్యి అంత పైకి అందదు.

నోరు విప్పి అడగడం నాకు చేతకాదు. పెళ్ళయి పధ్నాలుగు నెలలైంది, ఇప్పటికీ ఆయన ఎదురుగా నిలబడితే నాలుక మడతపడుతుంది.

ఆయన నిన్న సాయంత్రం పాత కార్ల షో నుంచి వచ్చారు. మామయ్య వదిలివెళ్ళిన కారు తీసుకుని. నాలుగు వందల కిలోమీటర్లు పోవడం, నాలుగు వందలు రావడం. ఎంత దూరమైనా నడుపుకుంటూనే పోవాలన్నది మామయ్య పంతం, ఇప్పుడు ఈయన పంతం. లారీల మీద ఎక్కించుకొచ్చేవాళ్ళ కార్లని ఈయన మంచంబండ్లు అంటారు. రోగిని మంచంతో సహా మోసుకొచ్చినట్టు తెస్తారట.

పొద్దున కారు కడగడానికి కూర్చున్నాను. ఈ ఇంట్లో నా చేతికి వచ్చిన మొదటి పని అదే. దూరం పోయి వచ్చిందంటే ముందు జాలీ నిండా పురుగులు అతుక్కుని ఎండిపోయి ఉంటాయి. తూనీగలు, రెక్కలు, కాళ్ళు. పళ్ళ బ్రష్షుతో సబ్బునీళ్ళు పెట్టి రుద్దితే గంట పడుతుంది. ఇవాళ పది నిమిషాల్లో అయిపోయింది. జాలీలో ఒక్క పురుగు లేదు.

తలుపుల మీద మాత్రం బురద ఉంది. చక్రం పైన లోపలి అంచుకి చెయ్యి పెట్టి చూశాను. శుభ్రంగా ఉంది. రోడ్డు మీది బురద ముందు అక్కడికి ఎగురుతుంది, తర్వాతే తలుపుకి. ఈ బురద నేరుగా తలుపు మీదికే వచ్చింది. ఒకచోట నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి.

కడిగేశాను.

4, మంగళవారం

నాకు అనుమానమేం లేదు. దారిలో వాన పడి పురుగులు కొట్టుకుపోయి ఉంటాయి.

5, బుధవారం

వాన పడితే బురద కూడా పోవాలి కదా.

6, గురువారం

ఆయన షాపు మా ముందు గదే. నీళ్ళ మోటార్లు కాలిపోతే రాగి తీగ తీసేసి కొత్తది చుడతారు. ఒక్కో చుట్టకి ఎన్ని చుట్లు ఉండాలో అన్నే ఉండాలి, ఒకటి తగ్గినా మోటారు మళ్ళీ కాలిపోతుంది. చుట్టేటప్పుడు పక్కన పిడుగు పడినా ఆయన లెక్క తప్పరని అత్తయ్య గొప్పగా చెప్పేది. ఇవాళ ఒకే చుట్ట మూడుసార్లు విప్పి చుట్టారు. నేను టీ ఇవ్వడానికి వెళ్ళి నిలబడ్డాను. చేతిలో తీగ, చూపు గోడ మీద. గోడ మీద ఏమీ లేదు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి, ఎవరితోనో లోపల్లోపల మాట్లాడుతున్నట్టు. "టీ అండీ" అన్నాను. రెండోసారి అన్నాను. కాసేపటికి ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చావ్?" అన్నారు.

వంటింట్లోకి వచ్చి చెబితే అత్తయ్య నవ్వింది.

"మగాడు గోడ చూస్తూ పెదాలు కదిపాడంటే రెండే కారణాలు పిల్లా. అప్పు చేశాడు, లేకపోతే ఇంకోదాన్ని చూశాడు. మావాడు అప్పు చెయ్యడు."

"అత్తయ్యా!"

"సరదాకన్నానే. నాకు మాత్రం సవతి లేదా ఏంటి? అదుగో, వాకిట్లో నాలుగు చక్రాలేసుకుని కూర్చుంది. మీ మామయ్య దాన్ని తుడిచినట్టు నన్నొక్కసారి తుడిచుంటే ఎంత తెల్లగా ఉండేదాన్నో."

ఆవిడ సరదాకే అంది. నాకు అన్నం దిగలేదు.

9, ఆదివారం

ఆయన స్నానంలో ఉండగా ఫోన్ మోగింది. "ఎవరో చూడవే, మోగిపోతోంది" అంది అత్తయ్య. ఎత్తాను. హలో అనేలోపే అవతల ఆడగొంతు.

"ఏమయ్యా, వచ్చే షోకి కూడా ఆ పెట్రోల్ బంకు వెనకేనా? ముందే చెప్పు. పోయినసారిలా చీకటి పడేదాకా దాక్కుని కూర్చోవడం నావల్ల కాదు."

ఆవిడ రెండుసార్లు "ఏమయ్యా" అని పెట్టేసింది. ఫోన్ మీద లారీ యార్డు అని పడింది. ఆడమనిషికి లారీ యార్డని పేరు పెట్టుకున్నారన్నమాట. తెలివి బాగానే ఉంది.

ఆయన తుడుచుకుంటూ వచ్చి, "ఎవరు?" అన్నారు.

"రాంగ్ నంబరండీ."

నేనూ అబద్ధం ఆడాను. ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

10, సోమవారం

కారు కింద దూరి చూశాను. ముందు ఇరుసు మీద రెండు పక్కలా రంగు లేచిపోయి ఉంది, దేన్నో పట్టీ వేసి బిగించి కట్టినట్టు. నాకు తోచింది ఒకటే. ఆవిడ ఎక్కడో ఉంటుంది. కారు అక్కడే దాచి కట్టేసి ఉంచుతారు. షోకి అసలు పోరు.

షోకి పోకపోతే మరి అక్కడ కారు పక్కన దిగిన ఫోటోలు ఎలా వచ్చాయి?

ముందు రోజు ఆవిడ దగ్గర ఉండి, తర్వాత షోకి పోతారేమో.

12, బుధవారం

తనిఖీ పెద్దాయన వచ్చారు. మామయ్య స్నేహితుడు. షోలకి వచ్చే ప్రతి పాత కారునీ గేటు దగ్గర నిలబెట్టి ఆయనే చూస్తారు. నడుపుకుంటూ వచ్చిన వాటికి వేలెడంత ఇత్తడి బిళ్ళ ఇస్తారు, 'సొంత చక్రాల మీద' అని చెక్కి ఉంటుంది. మా ముందు గదిలో చెక్కపలక మీద మామయ్యవి పంతొమ్మిది, ఈయనవి నాలుగు ఉన్నాయి. పోయిన షోది, ఐదోది, ఇవ్వడానికి పెద్దాయనే స్వయంగా వచ్చారు. అంటే షోకి పోయిన మాట నిజమే.

"మంచంబండ్లు ఎక్కువైపోయాయమ్మా" అన్నారు అత్తయ్యతో. "యాభై కార్లొస్తే నలభై లారీ దిగినవే. చక్రం మట్టి ముట్టుకోదు. మీ వాడు మాత్రం తండ్రికి తగ్గ కొడుకు."

"తండ్రికి తగ్గవాడే. ఆయనలాగే ఉలకడు, పలకడు" అంది అత్తయ్య.

పెద్దాయన గట్టిగా నవ్వారు. వచ్చే నెలాఖరు దాకా ఆగకుండా ఈ నెల ఇరవయ్యెనిమిదినే పెద్ద షో పెట్టారట. కొండదారి మీదుగా ఆరు వందల కిలోమీటర్లు. "నువ్వొస్తున్నావు కదూ, నడుపుకుంటూ?" అన్నారు. మా ఆయన కొత్త బిళ్ళకి మేకు కొడుతూ తల ఊపారు. సుత్తి దెబ్బ వేలి మీద పడింది. అందరూ నవ్వారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. బహుమతి దొరికినవాడి మొహం కాదది.

14, శుక్రవారం

వెళ్ళాను. రాత ఇవాళ ఇంకా పాడుగా ఉంది.

దర్జీ దగ్గరికని చెప్పి బయల్దేరాను. మా ఊళ్ళో లారీ యార్డు ఒకటే, ఊరి చివర. నిజంగానే లారీ యార్డు. లోపల నాలుగు లారీలు, చెడిపోయిన కార్లు, ముగ్గురు మగవాళ్ళు. ఒక లారీ కింద నుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి, మగ చెప్పులు. ఆ కాళ్ళు జరిగి జరిగి బయటికొచ్చాక ఆడమనిషి. నలభై ఐదుంటాయి. మోచేతుల దాకా గ్రీజు.

"ఏం కావాలి అమ్మాయ్?"

ఫోన్లో విన్న గొంతే. దారి పొడుగునా ఎన్నో మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. చివరికి వచ్చిన మాట, "మా ఆయన్ని వదిలెయ్యండి."

యార్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ముగ్గురిలో ఒకడు, "అక్కా, నీకూ ఒకడు దొరికాడా! చెప్పలేదేం?" అన్నాడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడ కూడా ముందు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"మీ ఆయనెవరు?"

చెప్పాను. పాత కారు సంగతి చెప్పాను.

"ఓహో." చేతులు తుడుచుకుంది. గొంతు తగ్గించలేదు. "మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఈ లారీలు నడుపుతూ నలుగురి మధ్యా తలెత్తుకుని బతుకుతున్నా. ఇవాళ వీళ్ళ ముందు ఆ మాటన్నావు. రేపట్నుంచి వీళ్ళు నా మొహం చూసి ఏమనుకోవాలి?"

"నేను..."

"మీ ఆయన్ని నేను మొయ్యలేదు తల్లీ. మీ కారుని మోశాను. రెండు షోలకి. గేటుకి ఐదు కిలోమీటర్ల ముందు బంకు వెనక దింపుకుని, తలుపులకి బురద పూసుకుని, అక్కణ్ణుంచి దొరలా నడుపుకెళ్ళాడు. ఎందుకో ఆయన్నే అడుక్కో. ఇకమీదట మీ కారు నా లారీ ఎక్కదు. వెళ్ళు."

ఎలా ఇంటికొచ్చానో తెలీదు.

ఆడమనిషి సంగతి కాదు. సిగ్గుతో చచ్చిపోవాలి నేను. సంతోషంగా కూడా ఉంది. కానీ మంచంబండ్లని అంత ఎగతాళి చేసే మనిషి కారుని లారీ ఎక్కించడమేంటి? ఇంతకన్నా పెద్దదేదో ఉంది.

15, శనివారం

ఆవిడ ఆయనకి ఫోన్ చేసినట్టుంది. షాపులో నుంచి "అదేంటక్కా, మాట ఇచ్చి" అని వినిపించింది. నేను వెళ్ళిన సంగతి చెప్పలేదనుకుంటాను. చెప్పుంటే ఆయన నన్ను చూసేతీరు మారేది. నేను కావాలని రెండుసార్లు ఎదురుపడి చూశాను, మారలేదు.

16, ఆదివారం

అన్నం తింటూ అన్నారు. "ఇరవయ్యెనిమిదో తారీఖు నువ్వూ రా."

"ఎక్కడికండీ?"

"షోకి. కారులో. నా పక్కన కూర్చుందువుగాని."

అత్తయ్య ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. "నన్ను మీ నాన్న ముప్పై ఏళ్ళలో వీధి చివరి దాకా తీసుకెళ్ళలేదురా. పాలు తేవడానికి తీసుకెళ్ళాడు ఒకసారి. అదీ పాలు ఒలికిపోకుండా పట్టుకోవడానికి."

నేను తలొంచుకుని నవ్వుకున్నాను. పధ్నాలుగు నెలలుగా కారు కడుగుతున్నాను, ఇంకా ఎక్కలేదు. ఏ రంగు చీర కట్టుకోవాలో ఆలోచించుకుంటూ గిన్నెలు తోమాను. ఏ కారణం చేతో రెండు షోలకి లారీ కావాల్సి వచ్చింది, ఇప్పుడు అక్కర్లేదు. అంతే. నేను ఇక దేన్నీ తవ్వను.

17, సోమవారం

ఆకుపచ్చది.

18, మంగళవారం

దారి గురించి చెబుతున్నారు. కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతుందట, నీళ్ళ క్యాన్లు నా కాళ్ళ దగ్గర పెట్టుకోవాలట. నాకు వినడం బాగుంది. చివర్లో అన్నారు, "నువ్వు మాట్లాడుతూనే ఉండాలి. ఊరుకోవద్దు. నేను పలక్కపోతే భుజం పట్టుకుని గట్టిగా కుదుపు. స్టీరింగ్ ఎలా పట్టుకోవాలో కూడా చూపిస్తాను."

"ఎందుకండీ?"

"నిద్రొస్తుందిగా, దూరం."

ఈ ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడేది నేను. మాట్లాడించడానికి నన్నెందుకు తీసుకెళ్ళడం?

19, బుధవారం

నాకు ఒంట్లో బాగోలేదని పొద్దున టీ తనే వడకడతానన్నారు. గిన్నె వంచారు. గ్లాసు నిండింది. నిండాక కూడా వంచుతూనే ఉన్నారు. టీ గట్టు మీద నుంచి పాదాల మీద పడుతోంది. పొగలు. కాళ్ళు తియ్యలేదు. చూపు కిటికీ మీద, పెదాలు కదులుతున్నాయి. నేను అరిచాను. నేను అరవడం నాకే కొత్త. లోపల లెక్కపెట్టాను, ఎందుకు లెక్కపెట్టానో తెలీదు. ముప్పై ఒకటి దగ్గర ఆయన వచ్చారు. వచ్చారు అనే రాయాలి, ఇంకో మాట దొరకడం లేదు. ఎక్కడి నుంచో వచ్చారు. కింద చూసుకుని, "ఎవరొలకబోశారు?" అన్నారు.

కాలు బొబ్బలెక్కింది. ఏదో ఆలోచనలో ఉన్నానన్నారు. అత్తయ్య నమ్మింది. ఎంతటి ఆడది మనసులో ఉన్నా కాలు కాలితే మగాడు కాలు తీస్తాడు.

20, గురువారం

మళ్ళీ యార్డుకి వెళ్ళాను. మగవాళ్ళు ముగ్గురూ వచ్చేదాకా గేటు దగ్గర ఆగాను. వాళ్ళు లేకుండా చెప్పి లాభం లేదు. అప్పుడు ఆవిడ దగ్గరికెళ్ళి, వాళ్ళందరికీ వినపడేలా, "అక్కా, ఆ రోజు నేనన్నది తప్పు. నా బుర్ర చెడింది. మీరు అలాంటివారు కాదు" అన్నాను. పక్కనున్న టైరు గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ వాళ్ళ వైపు తిరిగి, "విన్నారుగా? ఇక నోళ్ళు మూసుకుని పని చూడండి" అంది. నాకు స్టూలు లాగింది.

అప్పుడు చెప్పింది. ఈ ఏడాది మొదటి షోకి ఈయన నడుపుకుంటూనే బయల్దేరారట. దారిలో కారు రోడ్డు దిగి కాలువ గట్టున ముళ్ళకంపలోకి పోయి ఆగి ఉందట. ఇంజన్ తిరుగుతూనే ఉందట. వెనకే లారీలో వస్తున్న ఈవిడ దిగి చూస్తే ఈయన స్టీరింగ్ పట్టుకుని కళ్ళు తెరిచి కూర్చున్నారట.

"మా తమ్ముడికుండేది చెల్లీ, అందుకే గుర్తుపట్టాను. మూర్ఛే. కింద పడి కొట్టుకునేదే మూర్ఛ అనుకుంటారు జనం. ఇది అలా కాదు. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషే ఉండడు. నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మందులిచ్చాడు. ఏడాది పాటు స్టీరింగ్ ముట్టొద్దన్నాడు. మీ ఆయన ఏడ్చాడు. ఇంట్లో చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. ఆ ఐదు కిలోమీటర్లు కూడా నేను లారీతో ముందు నెమ్మదిగా పోతుంటే వెనక నడిపేవాడు."

"మీరిప్పుడు రానన్నారని కొండదారిలో తనే నడుపుతానంటున్నారు" అన్నాను.

"రాననే అన్నాను. నేను రాకపోతే మానుకుంటాడనుకున్నా. నడుపుకుంటూ పోతానంటాడని నాకేం తెలుసు? కొండదారిలోనా?"

ఆవిడ రాకుండా చేసింది నేను. అసలు లేనే లేని ఆడదాన్ని వెతుక్కుంటూ పోయి, ఆయన ప్రాణం కాపాడుతున్న మనిషిని తరిమేశాను.

21, శుక్రవారం

అడిగాను. నిజంగా అడిగాను. "మీకు ఒంట్లో ఏమైనా..." ఆయన చేతిలో పని ఆపి, "నీకెవరు చెప్పారు?" అన్నారు. ఆ చూపుకి నేను, "ఎవరూ చెప్పలేదండీ, కాలు కాలింది కదా" అన్నాను. "కాలికి మందు రాశాను" అన్నారు. అయిపోయింది. అత్తయ్యకి చెబుదామనుకున్నాను. చెబితే వీధంతా తెలుస్తుంది, ఆయన ఇంకా మొండికేస్తారు. లారీ అక్క ఆయనకి మళ్ళీ ఫోన్ చేసి వస్తానందట. "అక్కర్లేదక్కా, పెద్దాయనకి నడుపుకుంటూ వస్తానని మాటిచ్చాను" అన్నారట.

నేను ఎక్కకపోతే ఒక్కరే పోతారు. ఎక్కితే ముప్పై ఒకటి లెక్కపెడుతూ కూర్చోవాలి. ఎదురుగా వచ్చేవాళ్ళకి లెక్కపెట్టడానికి అంత టైం కూడా ఉండదు.

ఆయన వినేది పెద్దాయన మాట ఒక్కటే.

22, శనివారం

మంచి కాగితం మీద ఎక్కించేముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. లారీ అక్క రేపు పొద్దున తీసుకెళ్ళి పెద్దాయన చేతికే ఇస్తానంది.

పెద్దాయనగారికి,

మీ స్నేహితుడి కోడల్ని. మీరు మా ఇంటికొచ్చినప్పుడు టీ ఇచ్చింది నేనే, మాట్లాడలేదు. చేతిరాతకి క్షమించండి.

మీరిచ్చిన ఐదు బిళ్ళల్లో ఆఖరి రెండూ మావి కావు. కారు లారీ మీద వచ్చింది. పట్టీల గుర్తులు ముందు ఇరుసు మీద ఉన్నాయి, కావాలంటే చూసుకోండి. మా ఆయన మిమ్మల్ని మోసం చేశారు. ఎందుకంటే ఆయనకి కళ్ళు తెరిచి ఉండగానే తెలివి తప్పుతోంది. డాక్టరు నడపొద్దన్నారు. లోకంలో ఎవరి ముందు చిన్నబోయినా మీ ముందు చిన్నబోలేక నడుపుతానంటున్నారు.

మీరు అబద్ధం ఆడరని అందరూ అంటారు. నా కోసం ఒక్కటి ఆడండి. కొండదారిలో రోడ్డు పని జరుగుతోందని, అందుకని ఈసారి ప్రతి పాత కారూ లారీ మీదే రావాలని, నడుపుకొచ్చిన దాన్ని గేటు లోపలికి రానివ్వనని చెప్పండి. మీరే వచ్చి చెప్పండి. ఆయనొక్కరికే అని తెలియనివ్వద్దు. తర్వాత ఎప్పుడో, మందులు పనిచేశాక, ఆ రెండు బిళ్ళలూ ఆయన చేతే మీకు తిరిగి ఇప్పిస్తాను. అది నా పూచీ.

నేనే రాశానని తెలిస్తే ఆయన మళ్ళీ నా మొహం చూడరు. చూడకపోయినా సరే, చూడ్డానికి ఉంటే చాలు.

ఈ ఉత్తరం చదివాక కాల్చెయ్యండి. చింపి పారెయ్యొద్దు, ముక్కలు అతికించుకోవచ్చు. జేబులో మర్చిపోవద్దు. ఇంట్లో వద్దు, మీ ఆవిడ చూస్తే ఏ ఆడది రాసిందోననుకుంటుంది. బయట ఎక్కడైనా కాల్చండి. మొత్తం కాలేదాకా పక్కనే నిలబడండి.